కారం ఘాటా, మంటా? ఇంగ్లీషు పెద్ద మాటలకు మూడు నిఘంటువులు, ఒక ఫోన్ యాప్

కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల జిరాక్స్ అంగళ్లలో దొరికే వర్డ్‌లిస్టు తీసి 'పంజెంట్' అనే మాట చూడండి. ఎదురుగా 'ఘాటైన' అని ఒక్క ముక్క ఉంటుంది. తప్పని చెప్పలేం. కానీ దాన్నే నమ్ముకున్న పిల్లోడు కడపలో ఎర్రకారం దోసె తిని, నోరు మండి, 'ద దోశ వాజ్ పంజెంట్' అని రాస్తాడు. నోరు మండితే ఇంగ్లీషులో 'హాట్' అనాలి, లేదా 'స్పైసీ' అనాలి. పంజెంట్ రుచికీ చెల్లుతుంది గానీ, అది ముందు ముక్కుకు తగిలే మాట. ఎండుమిరపకాయలు వేయిస్తుంటే వీధి మొగదాకా వచ్చి అందరినీ తుమ్మించే వాసన ఉందే, అది పంజెంట్. పత్రికలో ఎవరో సూటిగా గుచ్చుకునేలా రాసిన విమర్శ కూడా పంజెంటే. ఇన్ని సంగతులు ఒక్క తెలుగు మాటలో ఇమడవు. చిన్న మాటల్లో రాసిన నిర్వచనం ఒకటి, దాని కింద రెండు మూడు ఉదాహరణ వాక్యాలు ఉంటేనే మాట పూర్తిగా చేతికొస్తుంది.

ఆ పని బాగా చేసే పుస్తకాలు మూడున్నాయి: లాంగ్‌మన్ డిక్షనరీ ఆఫ్ కాంటెంపరరీ ఇంగ్లిష్, కాలిన్స్ కొబిల్డ్, ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ. మూడూ ఇంగ్లీషును పరాయి భాషగా నేర్చుకునేవాళ్ల కోసం రాసినవే. చదివింది మరిచిపోకుండా చూసే ఆంకీ అనే యాప్‌ను కూడా వీటితో కలిపి చూస్తున్నాం, ఎందుకంటే పుస్తకం ఒక్కటే కొంటే సగం పనే అవుతుంది. ఇది ఎవరి కోసమంటే: డిగ్రీ అయ్యి బ్యాంకు పరీక్షకో, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల ఎస్సెస్సీకో, విదేశాల్లో పై చదువులకు రాసే జీఆర్‌ఈకో కూర్చున్నవాళ్లు, ఇంగ్లీషు పేపరు తీస్తే ముప్పాతిక అర్థమై మిగతా పావు దగ్గర ఆగిపోయేవాళ్లు. వాక్యం కట్టడమే ఇంకా తడబడుతున్నవాళ్లు ఈ మూడింటి జోలికి ఇప్పుడే పోవద్దు.

నిర్వచనం ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో ముందు చెప్పుకోవాలి. మామూలు ఇంగ్లీషు నిఘంటువు ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ల కోసం రాసింది. అందులో 'కాండిడ్' చూస్తే 'ఫ్రాంక్' అంటుంది, 'ఫ్రాంక్' చూస్తే తిరిగి 'కాండిడ్' అంటుంది. గానుగెద్దు తిరిగినట్టే తిరుగుతాం. గూగుల్‌లో మాట కొట్టగానే పైన పెట్టెలో వచ్చే అర్థం కూడా ఆ కోవలోదే. అది ఆక్స్‌ఫర్డ్ వాళ్లదే అయినా, నేర్చుకునేవాళ్ల నిఘంటువులోది కాదు. ఈ చిక్కును మొదట గట్టిగా పట్టుకున్న మనిషి మైకేల్ వెస్ట్. అప్పటి ఉమ్మడి బెంగాల్‌లో, ఢాకాలో ఇంగ్లీషు చెప్పిన ఆయన, 1935లో వచ్చిన నిఘంటువులో అన్ని మాటలనూ కేవలం 1,490 తేలిక మాటలతో వివరించాడు. ఆ దారినే 1978లో లాంగ్‌మన్ పట్టింది: సుమారు 2,000 మాటలు వస్తే చాలు, పుస్తకంలో ఉన్న ఏ నిర్వచనమైనా అర్థమైపోవాలి.

ఆ నియమమే లాంగ్‌మన్ బలం. 'కంప్లేసెంట్' తీసుకోండి. వర్డ్‌లిస్టులో 'తృప్తి చెందిన' అని ఉంటుంది. అది చూసి 'మై పేరెంట్స్ ఆర్ కంప్లేసెంట్ విత్ మై మార్క్స్' అని రాస్తే, అమ్మానాన్నలను మెచ్చుకున్నామనుకుంటాం గానీ తిట్టినట్టవుతుంది. లాంగ్‌మన్ చెప్పేది ఇది: ఉన్న పరిస్థితితో, ముఖ్యంగా తాను సాధించినదానితో సంతోషపడిపోయి, ఇంకా మెరుగుపడే ప్రయత్నం మానేసిన స్థితి. చివర్లో, మెచ్చకుండా అనే మాట అని విడిగా గుర్తు చేస్తుంది. ఆ చివరి ముక్క లేకపోతే ఈ మాట తెలిసినట్టు కాదు. 'నటోరియస్'దీ ఇదే సంగతి. దాన్ని 'పేరుమోసిన' అంటే చాలా వరకు సరిపోతుంది, ఎందుకంటే మన 'పేరుమోసిన' మాటకు కూడా దొంగలే ఎక్కువ తోడు. 'ప్రసిద్ధి చెందిన' అని వేసిన లిస్టులు మాత్రం పిల్లల చేత 'అవర్ ప్రిన్సిపాల్ ఈజ్ నటోరియస్ ఫర్ హిజ్ నాలెడ్జ్' అనిపిస్తాయి.

లాంగ్‌మన్‌లో ఇంకో రెండు సంగతులు ప్రత్యేకంగా చూసుకోవాలి. ఒకటి, ఆ మాట ఏ మాటలతో జతకడుతుందో పెట్టె కట్టి చూపించడం. 'రిస్క్' అనే మాట కింద చూస్తే దేనితో కలుస్తుందో వరుసగా తెలుస్తుంది: రిస్క్ 'టేక్' చేస్తాం, 'రన్' చేస్తాం, 'రెడ్యూస్' చేస్తాం. తెలుగులో 'రిస్క్ చేశాను' అని అలవాటుగా అనేస్తాం గనక ఈ పెట్టె మనకు మరీ అవసరం. రెండు, మాట ఎంత తరచుగా వాడుకలో ఉందో చెప్పే గుర్తులు. ఎస్ అక్షరం పక్కన 1 ఉంటే మాట్లాడే ఇంగ్లీషులో మొదటి వెయ్యి మాటల్లో ఒకటి, డబ్ల్యూ పక్కన 1 ఉంటే రాసే ఇంగ్లీషులో మొదటి వెయ్యిలో ఒకటి. 2014లో వచ్చిన ఆరో కూర్పులో దీన్ని 9,000 మాటల దాకా పెంచి, మూడు చుక్కలతో మెట్లు పెట్టారు. మూడు చుక్కలూ నిండితే తప్పనిసరి, ఒక్కటే నిండితే తర్వాతైనా ఫర్వాలేదు. ఏ చుక్కా లేని మాట దగ్గర నెలలు ఖర్చుపెట్టేముందు మీ పరీక్షకు అది నిజంగా కావాలా అని ఆలోచించుకోండి.

లోపం లేదా అంటే ఉంది. 2,000 మాటల కట్టుబాటు వల్ల కొన్ని నిర్వచనాలు మరీ పలచబడతాయి. 'అలీవియేట్', 'మిటిగేట్' రెండింటి నిర్వచనాలూ పక్కపక్కన పెట్టి చదివితే రెండూ బాధను, నష్టాన్ని తగ్గించడమే అన్నట్టు కనిపిస్తాయి. తేడా ఉదాహరణల్లో ఉంటుంది. అలీవియేట్ ఎక్కువగా నొప్పి, పేదరికం, కష్టం లాంటి మాటల ముందు కూర్చుంటుంది. మిటిగేట్ వెనక ప్రభావం, ప్రమాదం, నష్టం వస్తాయి. 'మిటిగేట్ ద ఎఫెక్ట్స్ ఆఫ్ డ్రౌట్' అంటే కరువు ఆగలేదు, దాని దెబ్బ తగ్గించారని. మనవాళ్లు, ఆ మాటకొస్తే ఇంగ్లీషువాళ్లు కూడా, దీని వెనక 'అగెనెస్ట్' తగిలిస్తుంటారు. అది 'మిలిటేట్ అగెనెస్ట్' అనే వేరే మాట నుంచి పొరపాటున ఊడిపడ్డ తోక. మిటిగేట్‌కు నేరుగా కర్మ పడుతుంది, మధ్యలో ఏమీ అక్కర్లేదు. కాబట్టి లాంగ్‌మన్ వాడేవాళ్లు నిర్వచనం దగ్గరే ఆగకూడదు. ఉదాహరణల్లో ఆ మాట వెనక ఏముందో వేలు పెట్టి చూడాలి.

కొబిల్డ్ ఈ పనిని నిర్వచనంలోనే చేసేస్తుంది. 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయిర్ నడిపించిన పని ఇది. నిజంగా జనం రాసినదీ మాట్లాడినదీ కంప్యూటర్‌లో పోగేసి, అందులో మాట ఎలా వాడుకలో ఉందో చూసి రాశారు. అర్థాన్ని ముక్కగా చెప్పరు, నిండు వాక్యంగా చెప్తారు. 'అబేట్' చూడండి. వర్డ్‌లిస్టుల మొదటి పేజీలోనే ఉంటుంది, ఎదురుగా 'తగ్గు'. అది చదివి 'ద కాలేజ్ అబేటెడ్ ద ఫీజ్' అని రాసేవాళ్లున్నారు. కొబిల్డ్ పద్ధతి తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: 'చెడ్డదో వద్దనుకునేదో ఏదైనా అబేట్ అయిందంటే, దాని జోరు బాగా తగ్గిందన్నమాట.' ఈ ఒక్క వాక్యంలో మూడు సంగతులు తెలిసిపోయాయి. అబేట్ అయ్యేది వస్తువో పరిస్థితో గానీ మనిషి కాదు. అది మనకు ఇష్టం లేనిదై ఉండాలి: గాలివాన, జ్వరం, గొడవ, భయం. పైగా అది తనంతట తాను తగ్గుతుంది, ఎవరో దాన్ని తగ్గించరు. ఫీజు తగ్గించడానికి ఈ మాట ఎందుకు పనికిరాదో ఇక ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

అందుకే రాయడం కోసం మాటలు నేర్చుకునేవాళ్లకు, అంటే బ్యాంకు మెయిన్స్‌లో వ్యాసం లాంటివి రాయాల్సినవాళ్లకు, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకు వెళ్లేవాళ్లకు, మా ఓటు కొబిల్డ్‌కే. చదివి అర్థం చేసుకుంటే చాలనుకునేవాళ్లకు మాత్రం ఇది నిదానంగా నడుస్తుంది. చిన్న మాటకు కూడా నిండు వాక్యం చదవాలి. ఉదాహరణలు నిజమైన రాతల నుంచి తీసుకున్నవి కావడంతో ముందూ వెనకా తెలియని వాక్యం మధ్యలోంచి ఊడి వచ్చినట్టు అనిపిస్తాయి, ఎక్కడో ఇంగ్లండులో జరిగిన సంగతి ఏదో అందులో ఉంటుంది. కాలిన్స్ వెబ్‌సైటులో చూసేవాళ్లకు ఒక హెచ్చరిక: ఒకే పేజీలో కొబిల్డ్ పెట్టె, దాని కిందే మామూలు బ్రిటిష్ నిఘంటువు, అమెరికన్ నిఘంటువు వరుసగా వస్తాయి. పైన కొబిల్డ్ అని ఉన్న భాగం చదివి ఆపేయండి. కిందివి కూడా చదివితే మళ్లీ గానుగ దగ్గరికే వస్తారు.

ఆక్స్‌ఫర్డ్ అన్నిటికంటే పాతది. ఏ.ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు చెబుతూ తయారుచేసిన పుస్తకం 1942లో టోక్యోలో అచ్చయింది. దాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తమ పేరుతో తెచ్చారు. పదో కూర్పు 2020లో వచ్చింది. దీనిలో మనకు బాగా పనికొచ్చేది మెట్ల లెక్క. భాష ఎంత వచ్చో కొలిచే యూరప్ లెక్కలో ఏ1 మొదటి మెట్టు, సీ2 చివరిది. ఆక్స్‌ఫర్డ్ 3000 అనే జాబితాలో ఏ1 నుంచి బీ2 దాకా ఉండాల్సిన మాటలున్నాయి. ఆపైన 5000 దాకా తీసుకెళ్లే మరో రెండు వేల మాటలు బీ2, సీ1 మెట్లవి. పెద్ద మాటలు ఎక్కడినుంచి మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు ఇంతకంటే సూటి జవాబు లేదు: ఆ రెండు వేలు. అక్షరక్రమంలో 'అబాండన్' దగ్గర మొదలై, 'బీ' అక్షరం దాటకముందే ఆగిపోయే చదువుకు ఇది విరుగుడు.

ఆక్స్‌ఫర్డ్‌లో 'ఏ మాట ఎప్పుడు' అని తేల్చే పెట్టెలు కూడా బాగుంటాయి. 'అన్‌ఇంట్రెస్టెడ్' అంటే ఆసక్తి లేనివాడు. 'డిస్‌ఇంట్రెస్టెడ్' అంటే ఆ వ్యవహారంలో తనకు లాభనష్టాలు లేనివాడు, కాబట్టి పక్షపాతం లేకుండా తీర్పు చెప్పగలవాడు. పంచాయితీకి పిలవాల్సింది రెండోవాణ్ణి. 'ఎకనామిక్', 'ఎకనామికల్' కూడా అంతే: మొదటిది ఆర్థిక వ్యవహారాలకు, రెండోది తక్కువ ఖర్చుతో పని జరిగేదానికి. మన దేశపు ఇంగ్లీషును గుర్తించడం ఇంకో మంచి గుణం. 'ప్రీపోన్' ఇందులో ఉంది, భారతీయ ఇంగ్లీషు అనే గుర్తుతో. అంటే మాట తప్పు కాదు, కానీ విదేశీ పరీక్షలో రాస్తే చదివేవాళ్లకు తెలియకపోవచ్చు. ఈ రెండు సంగతులూ ఒకేసారి చెప్పిన పుస్తకం మీద నమ్మకం కలుగుతుంది.

ఉచ్చారణ సంగతి మూడింటిలోనూ బాగానే ఉంది. తెలుగులో రాసిందే చదువుతాం గనక పెద్ద మాటల దగ్గర మనం బోల్తాపడేది ఇక్కడే. ఎపిటోమ్ అని చదివేది నిజానికి 'ఇపిటమి'. హైపర్‌బోల్ కాదు, 'హైపర్బలి'. 'సటిల్'లో బీ పలకదు. 'ఇండైట్'లో సీ పలకదు. 'డెబ్రీ'లో చివరి ఎస్ పలకదు. మూడు వెబ్‌సైట్లలోనూ స్పీకర్ బొమ్మ నొక్కితే వినిపిస్తుంది, మూడూ ఉచితమే. కొత్త మాట చూసిన వెంటనే, అర్థం చదవకముందే ఒకసారి వినాలి. తప్పుగా పదిసార్లు మనసులో చదువుకున్న తర్వాత విన్నా నోరు ఇక తిరగదు.

పుస్తకం చూసే పద్ధతి కూడా చెప్పుకుందాం, ఎందుకంటే మంచి నిఘంటువును కూడా చాలామంది వర్డ్‌లిస్టు లాగే వాడుతున్నారు. మాట ఎక్కడ ఎదురైందో ఆ వాక్యం ముందు నోటుపుస్తకంలో రాసుకోండి. నిఘంటువులో ఒక మాటకు నాలుగైదు అర్థాలుంటే మొదటిదే పట్టుకుని పోవద్దు. మీ వాక్యంలో అది నామవాచకమా, క్రియా, విశేషణమా చూసుకుని, ఆ భాగంలోకే వెళ్లండి. నిర్వచనాన్ని మాట బదులు మీ వాక్యంలో పెట్టి చదివి చూడండి, అతికితే అదే అర్థం. తర్వాత ఉదాహరణల్లోంచి మాటను ఒంటరిగా కాకుండా జతతో తీసుకోండి: 'రెలక్టెంట్' అని కాదు, 'రెలక్టెంట్ టు అడ్మిట్' అని. అప్పుడు వెనక 'టు' వస్తుందని, దాని తర్వాత క్రియ వస్తుందని విడిగా బట్టీపట్టే పని లేదు. చివరగా మీ ఊరి సంగతితో ఒక సొంత వాక్యం. తెలుగు మాట కావాలంటే అన్నిటికన్నా చివర, బ్రాకెట్లో, పెన్సిల్‌తో. 'ఫ్రూగల్'కు పొదుపరి, 'స్టింజీ'కి పిసినారి అన్నంత చక్కగా కుదిరినప్పుడు తెలుగు మాట వంద ఉదాహరణల పెట్టు. కుదరనప్పుడు బలవంతంగా అంటించకండి.

ఇక ఆంకీ. ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ అనే పేరుతో ఉచితంగా దొరుకుతుంది, ఐఫోన్‌లో డబ్బు కట్టాలి. ప్లేస్టోర్‌లో ఇలాంటి పేర్లే పెట్టుకున్న వేరే యాప్‌లు కూడా కనిపిస్తాయి, కాబట్టి పేరు మొత్తం చదివి దించుకోండి. ఇది చేసే పని ఒక్కటే: మరిచిపోబోయే సమయానికి ఆ మాటను మళ్లీ ముందుకు తేవడం. గుర్తున్న కార్డును మళ్లీ చూపించే ఎడం పెంచుతుంది, మరిచిన కార్డును వెంటనే తిరిగి చూపిస్తుంది.

ఇందులో ఎవరో చేసి పెట్టిన వేల మాటల కట్టలు దించుకోవడమే మొదటి తప్పు. వాటిలో ఎక్కువ భాగం పాత వర్డ్‌లిస్టే, ఫోన్‌లోకి వచ్చింది అంతే. కార్డు మీరే చేసుకోవాలి, అదీ ఖాళీ పూరించే పద్ధతిలో. యాప్‌లో దీన్ని క్లోజ్ అంటారు. 'యాడ్' నొక్కి, కార్డు రకం దగ్గర క్లోజ్ ఎంచుకుని, వాక్యం టైపు చేసి, దాచాల్సిన మాటను పట్టి, మూడు చుక్కల బ్రాకెట్ బటన్ నొక్కితే అక్కడ ఖాళీ పడుతుంది.

ఒక కార్డు పూర్తిగా చూద్దాం. మాట 'ఎగ్జాసర్బేట్'. వాక్యం: 'ద డిలేయ్డ్ మాన్‌సూన్ ఎగ్జాసర్బేటెడ్ ద వాటర్ షార్టేజ్ ఇన్ ద డిస్ట్రిక్ట్.' ఎగ్జాసర్బేటెడ్ దగ్గర ఖాళీ పెట్టారు. రెండు రోజుల తర్వాత కార్డు వస్తుంది. మీకు 'వర్సెన్డ్' తోస్తుంది, 'ఇంక్రీజ్డ్' తోస్తుంది, 'అగ్రవేటెడ్' కూడా తోస్తుంది, అన్నీ అతుకుతాయి. మీరు చెప్పింది సరైనదే, కార్డు మాత్రం తప్పంటుంది. ఇక్కడే చాలామంది విసిగి యాప్ తీసేస్తారు. తప్పు కార్డుది. ఖాళీ పక్కన మొదటి అక్షరమూ, 'ఇప్పటికే చెడ్డగా ఉన్నదాన్ని ఇంకా చెడగొట్టు' అనే సూచనా పెట్టాలి. వెనకవైపు నిర్వచనం, దానితో జతకట్టే మాటలు మూడు: ప్రాబ్లమ్, టెన్షన్స్, సిచువేషన్. మంచి విషయంతో ఈ మాట రాదని ఒక ముక్క. 'ఎగ్జాస్పరేట్'తో కలిసిపోతుంది జాగ్రత్త అని ఇంకో ముక్క, అది మనిషిని విసిగించడం. ఇంతే, అంతకు మించి కార్డు మీద రాయొద్దు. కార్డు నిండా రాస్తే చదువుతాం గానీ గుర్తుచేసుకోం.

సెట్టింగుల్లో రోజుకు కొత్త కార్డులు 20 అని ముందే పెట్టి ఉంటుంది. సొంతంగా కార్డులు చేసుకునేవాళ్లకు అది ఎక్కువ. ఇరవై చొప్పున నడిపితే కొన్ని వారాలకు తిరిగి చూడాల్సినవే రోజుకు రెండు వందల దాకా పేరుకుంటాయి. ఎనిమిదికి దించండి. వారం ఆరు రోజులు చేస్తే నెలకు రెండు వందల మాటలు, అరగంట లోపు పని. మరిచిపోయిన కార్డుకు 'హార్డ్' నొక్కకూడదు. హార్డ్ అంటే కష్టపడి గుర్తొచ్చిందని అర్థం, యాప్ దాన్ని పాసైనట్టే లెక్కవేస్తుంది. గుర్తురాకపోతే మొహమాటం లేకుండా 'అగైన్' నొక్కాలి. ఒకే కార్డు ఎనిమిదిసార్లు తప్పితే యాప్ దానికి 'లీచ్', అంటే జలగ, అని గుర్తు పెడుతుంది. అలాంటి కార్డును తిరిగి బట్టీపట్టకండి. వాక్యం మార్చండి, లేదా దానితో కలిసిపోతున్న ఇంకో మాట ఏదో వెతికి పట్టుకోండి. సాధారణంగా కారణం అదే. దగ్గరి అర్థాల మాటలు, అంటే 'అలీవియేట్, మిటిగేట్, అస్వేజ్, ప్లాకేట్' లాంటివి ఒకే రోజు మొదలుపెడితే కలగాపులగమైపోతాయి. ఒకటి బాగా కుదిరాక, రెండు వారాలకు రెండోది. పర్యాయపదాలను గుంపుగా అచ్చువేసే పుస్తకాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ, మొదటిసారి నేర్చుకునేవాళ్లకు అవి చేసే చేటు ఇదే.

వర్డ్‌లిస్టులు పూర్తిగా దండగ అనడం లేదు. ఎస్సెస్సీ వాళ్లు పెట్టే సీజీఎల్ పరీక్షలో పర్యాయపదం, వ్యతిరేకపదం, ఒక్క మాటలో చెప్పడం లాంటి ప్రశ్నలు నేరుగా వస్తాయి, పాత ప్రశ్నపత్రాల నుంచి తీసిన లిస్టు అక్కడ మార్కులు తెస్తుంది. బ్యాంకు పరీక్షల్లో మాట వాక్యంలోనే వస్తుంది: ఖాళీలు పూరించే పేరా, మాటలు తారుమారైన వాక్యం, తప్పు పట్టుకోవడం. అక్కడ జత తెలియకపోతే అర్థం తెలిసీ లాభం లేదు. నంద్యాలకు బ్యాంకు కోచింగ్‌కని వెళ్లే పిల్లలు సంచిలో రెండు కిలోల లిస్టులు మోసుకెళ్లే బదులు ఫోన్‌లో ఈ వెబ్‌సైట్లు గుర్తుపెట్టుకుని వెళ్తే మేలు. జీఆర్‌ఈ అయితే వ్యతిరేకపదాల ప్రశ్నలను 2011 ఆగస్టులోనే తీసేసింది. ఇప్పుడున్న వాటిలో ఒక రకం, ఆరు మాటల్లోంచి రెండు ఎంచి వాక్యానికి ఒకే అర్థం తేవడం. అందులో వల ఎలా ఉంటుందంటే, చక్కని పర్యాయపదాల జంట ఒకటి అక్కడే ఉంటుంది గానీ వాక్యానికి అతకదు. లిస్టు చదివినవాడు నేరుగా ఆ వలలో పడతాడు. ఇంత మారినా 2011కు ముందు నాటి లిస్టులే కొత్త అట్టతో అమ్ముడుపోతుండటం బాధ కలిగిస్తుంది. పిల్లలు పోగొట్టుకునేది అట్ట ఖరీదు కాదు, ఆరునెలల కాలం.

ఇంగ్లీషు నుంచి తెలుగు నిఘంటువు ఊసే ఎత్తకుండా కడపలో కూర్చుని ఈ సమీక్ష రాయలేం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చి, బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని పని చేయించాడు. ఎర్రముక్కపల్లిలో ఆయన పేరున ఉన్న గ్రంథాలయం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే చాలా మాటలకు పద్యంలోంచో, జనం నోటినుంచో ఒక ప్రయోగం కనిపిస్తుంది. మాటను ఒంటరిగా వదలకూడదని ఆయనకు 1852 నాటికే తెలుసు. ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు మాత్రం ఈనాటి పరీక్షకు పనికిరాదు, ఆ ఇంగ్లీషు పందొమ్మిదో శతాబ్దానిది. ఇంగ్లీషు అర్థం పట్టుబడ్డాక దానికి సరైన తెలుగు మాట కోసం వెతికేటప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో చూడండి. చాలా తెలుగు నిఘంటువులు ఒకేచోట వెతికి పెడుతుంది.

ఒక్కటే కొనాలంటే లాంగ్‌మన్. రాత పరీక్ష ఉంటే దానికి తోడుగా కొబిల్డ్ వెబ్‌సైటు, ఏ మాటలు ముందు అన్న లెక్కకు ఆక్స్‌ఫర్డ్ జాబితా. నెట్ ఎప్పుడూ ఉండేవాళ్లకు మూడూ ఫోన్‌లోనే సరిపోతాయి, పుస్తకం అక్కర్లేదు. కానీ ఫోన్ పట్టుకుంటే మాట ఒకటి చూసి పది వీడియోల్లోకి జారిపోయేవాళ్లకు అచ్చు పుస్తకమే మంచిది.

కొనేటప్పుడు దొంగ ముద్రణలతో జాగ్రత్త. పేవ్‌మెంటు మీద సగం ధరకు దొరికే వాటిలో రంగు ఎగిరిపోతుంది. లాంగ్‌మన్‌లో తరచు వాడే మాటలు ఎర్రగా, మిగతావి నీలంగా ఉంటాయి. నకలులో అన్నీ నల్లగా ఒకేలా కనిపిస్తే, ఏ మాట ముఖ్యమో చెప్పే సమాచారం పోయినట్టే. అంగట్లోనే 'ఎపిటమి' ఉన్న పేజీ తెరిచి ఉచ్చారణ గుర్తులు చూడండి. మాట ముందు భాగంలో పైన చిన్న నిలువు గీత ఉండాలి, మధ్యలో తలకిందులైన ఇంగ్లీషు 'e' అక్షరం స్పష్టంగా ఉండాలి. ఆ గీత చెరిగిపోయి, తలకిందుల అక్షరం నల్లటి చుక్కలా అలుక్కుపోయి ఉంటే ఆ పుస్తకం అక్కడే పెట్టేయండి.